మొదటి ముద్ద

మా అమ్మ కూరలో ఉప్పు చూడటానికి కూడా గరిటె నాలుక మీద పెట్టుకునేది కాదు. ఎంగిలి అవుతుందట. వాసన చూసి చెప్పేసేది, ఎప్పుడూ తప్పు పోలేదు. ఆవిడ కడుపున పుట్టిన నేను ఇప్పుడు మంగళవారం ఒకసారి, శుక్రవారం ఒకసారి, ట్రాయ్ ఊళ్లో లైబ్రరీ వెనక బెంచీ మీద కూర్చుని, కొడుకు చూస్తుండగా మొదటి ముద్ద నేను తింటాను. తర్వాత అదే స్పూన్‌తో వాడు తింటాడు. అమ్మ పైనుంచి చూస్తుంటే చూడనీ.

వాడి పేరు ధృవ్. ఇరవై ఆరేళ్లు. స్కిజోఫ్రీనియా అని డాక్టర్లు చెప్పి నాలుగేళ్లయింది, వాడు ఇల్లు వదిలి పద్నాలుగు నెలలైంది. మొదట్లో కారులో పడుకునేవాడు. కారు పోయాక ఇల్లు లేనివాళ్లుండే షెల్టర్లో, అక్కడ నచ్చని రోజు ఇంకెక్కడో. జబ్బుకి కారణం నేను కాదు, ఆ మాట ఎవరన్నా ఊరుకోను. ఇల్లు వదలడానికి కారణం మాత్రం నేనే.

తిండిలో ఎవరో ఏదో కలుపుతున్నారని అప్పట్లో వాడికి అనుమానం. టాబ్లెట్లు ముట్టేవాడు కాదు. చిన్నప్పుడు తేనెలో నూరి పెడితే చప్పరించేవాడు కదా అని, టాబ్లెట్ నూరి పెరుగన్నంలో కలిపాను. రెండో ముద్దకే చేదు తగిలింది. గిన్నె నా ముందుకి తోసి "నువ్వు తిను" అన్నాడు. నేను తినలేదు. వాడి జబ్బు చెప్తున్న అబద్ధాన్ని నా చేతులతో నేనే నిజం చేశాను. నీ మంచికే కదా అన్నాను. ఆ మాట ఆ తర్వాత ఎన్నిసార్లు అన్నానో లెక్కలేదు. తప్పైపోయిందని మాత్రం ఒక్కసారీ అనలేదు.

వీధుల్లో ఉండేవాళ్లని వెతుక్కుంటూ వెళ్లి సాయం చేసే డెనీస్ అనే ఆవిడ వాడి షరతు మోసుకొచ్చింది. అమ్మ ముందు తింటే నేను తింటాను అన్నాడట. సరేనన్నాను. అదేమంత త్యాగం కాదు, నా వంట బాగానే ఉంటుంది. మంచు పడ్డా వారం తప్పలేదు.

మా ఆయన రామమోహన్ మాత్రం చాలాకాలం అందరికీ "సియాటిల్‌లో ఉన్నాడండీ" అని చెప్పేవాడు. ఒక బర్త్‌డే పార్టీలో వినీ వినీ నాకు ఒళ్లు మండింది. "సియాటిల్ లేదు, ఏం లేదు. ఒంట్లో బాగాలేదు, లైబ్రరీ దగ్గర ఉంటున్నాడు. ఎవరింట్లోనైనా చలికోటు ఉంటే ఇవ్వండి" అన్నాను. మర్నాటికి మూడు కోట్లు వచ్చాయి. ఆ రోజు నుంచి మా ఆయన కూడా వంటింట్లోకి వచ్చి నిలబడటం మొదలుపెట్టాడు.

ఈ శుక్రవారం పొద్దున్నే డెనీస్ ఫోన్ చేసింది. ఇల్లు లేనివాళ్లకిచ్చే గది ఒకటి ఖాళీ అయిందట. మందులేసుకుంటేనే ఇస్తామన్న నిబంధన లేదు, వారానికోసారి నర్సు వస్తుంది. సాయంత్రం నాలుగులోపు ధృవ్ స్వయంగా సంతకం పెట్టాలి, లేదంటే లిస్టులో తర్వాతివాళ్లకి పోతుంది. ఇంతకు ముందు రెండుసార్లు వద్దన్నాడు, మేం పన్నిన వల అని. "విజయశ్రీ, ఒక్కసారి చెప్పి ఊరుకోండి. బతిమాలొద్దు" అంది డెనీస్.

నేను బ్రేకులు టెస్ట్ చేసే ఇంజినీర్‌ని. ఆ రోజు టెస్ట్ లేటయింది. మా ఆయన వండి సర్దిన బాక్స్ తీసుకుని రెండున్నరకి లైబ్రరీకి పరిగెత్తాను. గది సంగతి ఒక్కసారి చెప్పి ఊరుకున్నాను. బాక్స్ మూత తీశాను.

పెరుగన్నం.

పద్నాలుగు నెలలుగా నేను దాని జోలికి పోలేదు. మా ఆయనకి టాబ్లెట్ కలిపిన సంగతి తెలుసు, దేంట్లో కలిపానో నేను చెప్పలేదు. ధృవ్ బ్యాగ్ తీసుకుని లేచి నిలబడ్డాడు.

స్పూన్ చేతిలోకి తీసుకున్నాను. ఎప్పట్లా ఒక ముద్ద తినేస్తే సరిపోదని అర్థమైంది.

"ధృవ్, ఆ రోజు దీంట్లోనే టాబ్లెట్ కలిపాను. నువ్వు తినమంటే నేను తినలేదు. నువ్వు అనుమానపడ్డది నిజం. తప్పు నాది. సారీ నాన్నా." మంచికే అన్న తోక తగిలించలేదు.

వాడు బాక్స్‌లోకి వంగి చూశాడు. "ఇది ఎవరు కుక్ చేశారు?"

"డాడీ."

"నువ్వు చూశావా?"

"లేదు. ఆఫీస్ నుంచి వచ్చి బాక్స్ తీసుకున్నానంతే. అందుకే ముందు నేను తింటాను, ఉండు."

వాడు కూర్చున్నాడు. నా చేతిలోంచి స్పూన్ లాక్కుని, నేను వద్దనేలోపే నోట్లో పెట్టుకున్నాడు.

"సాల్ట్ లేదు" అన్నాడు. ఇంకో ముద్ద తిన్నాడు. ఇంకోటి.

సగం బాక్స్ అయ్యాక అడిగాడు. "ఆ రూమ్ కీ ఎవరి దగ్గర ఉంటుంది?"

"నీ దగ్గరే."

"స్పేర్ కీ?"

అది నాకు కావాలి. ఒక్కడే ఉంటాడు, ఏ రోజైనా తలుపు తీయకపోతే? నోటిదాకా వచ్చిన మాట మింగేశాను. "అదీ నీ దగ్గరే."

పార్కింగ్‌లో డెనీస్ కారు ఆగి ఉంది. వాడు టైమ్ చూసుకున్నాడు. మూడుంపావు.

"నువ్వు రావద్దు. డెనీస్‌తో వెళ్తా."

"వెళ్లు."

బ్యాగ్ భుజానికి వేసుకుని, బాక్స్ నా ముందుకి తోశాడు.

"నువ్వు తిను" అన్నాడు.

కారు మలుపు తిరిగేదాకా చూసి, తిన్నాను. వాడి ఎంగిలి, బాక్స్ అడుగు దాకా. ఉప్పు నిజంగానే లేదు.