ఆఫ్ అంటే వెలిగే బల్బు

మొయినాబాద్ రోడ్డు పక్క రేకుల షెడ్డుల బాల్‌రాజ్ పొద్దటి నుంచి డబ్బాలకు మూతలు బిగిస్తున్నడు. బాయి మోటర్లను ఫోన్‌తోని నడిపే డబ్బాలవి. పదహారు. సాయంత్రానికి ముడిమ్యాలకు పోవాలె. మొదటిది ఎల్లయ్య బాయికి. ఆయనది ఇంకా పాత బెల్టు మోటరే. పదేండ్ల కింద ఆ బాయి కాడ్నే, కరెంటు రాంగనే ఆటో స్టార్టర్ మోటరును దానంతట అదే తిప్పితే, బెల్టు మీద చెయ్యి పెట్టి ఉన్న బాల్‌రాజ్‌కు రెండు వేళ్లు పోయినయి. ఏడో తరగతిల బడి మానినోడికి మిగిలిన వేళ్లతోని తీగెలు అతికే పని తప్ప ఇంకేం దొరుకుతది.

ఆ మూలకు సిటీ నుంచి వచ్చిన ఇంజనీరు స్వప్నిక లాప్‌టాప్ ముందు కూసున్నది. డబ్బాల నడిచే కెర్నల్‌కు, అంటే లోపలి అసలు సాఫ్ట్‌వేర్‌కు, కండ్లు లేవు. ఏ పిన్నుకు ఏం తగిలించినమో ఒక ఫైలుల రాసిస్తెనే దానికి తెలుస్తది. ఆ ఫైలును లైను లైను వైరింగ్ డ్రాయింగుతోని సరిచూసి ఓకే చెప్పుడు ఆమె పని.

"అన్నీ టాలీ అయినయి సార్," అన్నది ఓనరు ఉదయ్‌భాస్కర్‌తోని. "మోటరును ఆన్ ఆఫ్ చేసే రిలే కార్డు గూడ. పిన్ను హై అయితే, అంటే దానికి కరెంటు వస్తే, మోటర్ ఆన్."

బాల్‌రాజ్ స్క్రూడ్రైవర్ ఆపిండు. "ఆ కార్డులు అయిపోయినయి మేడం. పోయిన నెల సారు వేరేయి తెచ్చిండు. అవి ఉల్టా. పిన్నుల కరెంటు తీస్తె ఆన్ అయితయి."

"డ్రాయింగుల అట్ల లేదు కద?"

"మార్చుమని చెప్పిన. ఎవరు మార్చిన్రు?"

ఉదయ్‌భాస్కర్ నవ్విండు. "ఇగ కోడ్ గూడ నువ్వే చూస్తవా బాల్‌రాజూ? టైం లేదు, ఓకే కొట్టమ్మా."

"కోడ్ నాకు తెల్వదు సార్. కార్డు అతికింది నేను."

కొట్లాడే ఓపిక అయిపోయి అతనికి చానా ఏండ్లయింది. ఒక డబ్బా మూత విప్పి, మోటరు తీగెలకు మోటరు బదులు బల్బు తగిలించి, ప్లగ్గు పెట్టిండు. "ఫోన్ల ఏం నొక్కకుండ్రి మేడం."

లాప్‌టాప్ తెర మీద అక్షరాలు గబగబ ఉరికినయి. కెర్నల్ లేచింది. బల్బు వెలిగింది. స్వప్నిక ఫోన్ల చూస్తె 'ఆఫ్' అనే ఉన్నది.

బయట చిల్కూరు ఆటో ఒకటి హారన్ కొట్టుకుంట పోయింది.

ఆమె ఫైలుల 'హై' తీసి 'లో' అని పెట్టి మళ్ల ఎక్కించింది. ఈసారి బల్బు వెలగలేదు.

"పరీక్ష చేసినోళ్ల పేరు ఫైలుల కింద రాస్తం అన్నా," అన్నది స్వప్నిక. " మీ మెయిల్ ఐడి?"

"లేదు."

"అది లేకుంటే సిస్టం పేరు తీసుకోదు..."

"నాది పెట్టు," అన్నడు ఉదయ్‌భాస్కర్, చెప్పులేసుకుంట.

స్వప్నిక బాల్‌రాజ్ దిక్కు చూసింది.

"పెట్టుండ్రి మేడం. రేపు ఏమన్న అయితే పేరున్నోన్నే అడుగుతరు."

బాల్‌రాజ్ జేబుల ఫోన్ మోగింది. ఎల్లయ్య. "అన్న, కరెంటు రాంగనే దానంతట అది తిరుగదు గద? మా సంగమ్మ ఎప్పుడు ఆ బెల్టు పక్కనే బట్టలు ఉతుకుతది."

"తిరుగదు. నువ్వు నొక్కితేనే," అని ఫోన్ పెట్టేసి, బాల్‌రాజ్ రెండో డబ్బా మూత విప్పిండు.