మూడో గది పచ్చగానే ఉంది

సోమవారం పొద్దున ఆఫీసు మెట్లెక్కుతుండగానే కంప్యూటరమ్మ ముక్కుకు గుప్పున తగిలింది. కుళ్లిన చేపల కంపు. కింద గోదాములో మూడో గది తలుపు తీశారట. ఆ కంపు మెట్ల మీదుగా, కిటికీల గుండా మేడమీదికొచ్చి ప్రతి కుర్చీలోనూ కూర్చుంది. ఆమె ముక్కు మూసుకుని తన గదిలోకి వెళ్లి స్క్రీను వంక చూసింది. గోదాములో అన్ని గదులూ చల్లగానే ఉన్నట్టు పచ్చగా నిగనిగలాడుతున్నాయి. మూడో గది కూడా.

"ఛీ, నీ మొహం" అంది స్క్రీనుతో.

కంప్యూటరమ్మ అన్నది గోదాము వాళ్లు పెట్టిన పేరు. చేపలు, మాంసం, వెన్న దాచిపెట్టే ఆ కోల్డ్ స్టోరేజీకి యజమాని ఆమె బావగారు, భర్తకు స్వయానా అన్నగారు. కంప్యూటర్ల విభాగం మాత్రం ఆమెది. ఒకప్పుడు ఆ విభాగంలో ఇద్దరమ్మాయిలు వంతులేసుకుని స్క్రీను ముందు కూర్చునేవారు. ఏ గదైనా వేడెక్కితే అలారం మోగేది. వాళ్లు గోదాముకు ఫోన్ చేసి ఒకసారి ఆ గది చూడమనేవాళ్లు, అవసరమైతే మెకానిక్కును పిలిచేవాళ్లు, అంతటితో సరి. ఈపాటి పనికి ఇంత హంగామా దేనికని బావగారి చెవిలో ఎవరో నూరిపోశారు. ఎవరో ఏమిటి, ఆయన బావమరిదే. అతనికి ఊళ్లో అద్దాల మేడలో ఒక కంపెనీ ఉంది. ఎవరి కంప్యూటర్లనైనా సరే కూర్చున్న చోటినుంచే కనిపెట్టుకుని ఉంటుందట. పనంతా బయటి కంపెనీకి అప్పగించడమే ఇప్పటి పద్ధతని బావగారు అందర్నీ కూర్చోబెట్టి చెప్పారు. బయటి కంపెనీ అంటే మరీ బయటిదేం కాదులెండి, ఆయన అత్తారిల్లు. ఇద్దరమ్మాయిలూ ఇంటికి పోయారు. కంప్యూటరమ్మకు స్క్రీను మిగిలింది, చూసుకు మురవడానికి.

ఇప్పుడు చేపలు కుళ్లాయి కాబట్టి తప్పెవరిదో తేలాలి. బావగారికి అది క్షణంలో తేలిపోయింది. గోదాము చూసుకునే మంచు బాబాయ్‌దట. మండుటెండలో కూడా ఒంటి మీద స్వెట్టరు తీయడని అతనికా పేరు. తలుపు సరిగ్గా వేయకుండా పోయాడని, అందుకే గది వేడెక్కిందని బావగారి తీర్పు. అలాగని ఉద్యోగానికేం ఢోకా లేదు, తప్పయిపోయిందని అందరి ముందూ ఒక్క మాట అనేస్తే నాలుగు చీవాట్లతో గొడవ వదిలిపోతుందని కబురంపారు.

బాబాయ్ ఆ మాట అననన్నాడు. మామూలుగా నోట్లో నాలుక లేని మనిషి. అలాంటివాడు మేడెక్కి వచ్చి కంప్యూటరమ్మ గది గుమ్మం దగ్గర నిలబడ్డాడు. "తలుపు తీసి వదిలేసే మనిషినా అమ్మా నేను? చేతులు అరిగిపోయేలా ఆ తలుపులే మూశాను. తిట్టమనండి, పడతాను. ఆ మాట మాత్రం నా చేత అనిపించొద్దు."

శుక్రవారం నుంచే ఆ గదిని చల్లబరిచే మిషను మూలుగుతోందని, బయటి కంపెనీకి ఫోన్ మీద ఫోన్ చేశానని చెప్పాడు. వాళ్లేమన్నారంటే, రాసుకున్నామన్నారట. ఎవరైనా వచ్చారా అంటే, ఎవరూ రాలేదట. నాకైనా చెప్పొచ్చుగదా అని ఆమె కసిరింది. గోదాములో ఏ బాధొచ్చినా ఆ నంబరుకే చెప్పుకోవాలని, మేడమీద వాళ్లను కదిలించొద్దని గోడకు అంటించారు కదమ్మా అన్నాడు. నిజమే, అంటించారు. ఆమెకు అరికాలి మంట నెత్తికెక్కింది. నీ చేత ఆ మాట అనిపించే మొనగాడెవడో చూస్తాను, నువ్వెళ్లు బాబాయ్ అని పంపించింది.

ఆ రోజంతా కూర్చుని ఆరా తీసింది. తీసేకొద్దీ రోత పుట్టింది. బాబాయ్ ఫోన్ చేసినప్పుడల్లా బయటి కంపెనీలో ఒక ఫిర్యాదు నమోదయ్యేది. వెంటనే బాబాయ్ పేర ఒక మెయిల్ వెళ్లేది. మీ సమస్యను గమనించాం, ఇంకా తీరకపోతే జవాబివ్వండి, జవాబు రాకపోతే తీరినట్టే భావిస్తాం అని. తనకంటూ ఒక మెయిల్ ఉందన్న సంగతే బాబాయ్‌కి తెలియదు. పని బయటికిచ్చిన రోజున కంపెనీలో తలా ఒకటి తగిలించారు, గోదాము పిల్లిని మాత్రం వదిలేశారు. ఇంకేం, జవాబు రాలేదు కాబట్టి సమస్య తీరిపోయింది. బాబాయ్ మళ్లీ ఫోన్ చేశాడు, మళ్లీ తీరిపోయింది. అలారం సంగతి ఇంకా ఘోరం. అది అదేపనిగా మోగుతుంటే అక్కడెవరికో చిరాకేసి దాని నోరు నొక్కేశారు. నోరు నొక్కిన గదికి స్క్రీను మీద పచ్చ రంగే పడుతుంది. లోపల పెట్టెలకు పెట్టెలు కుళ్లి నీరు కారుతుంటే బయటి కంపెనీ పంపిన నివేదికలో ఫిర్యాదులన్నీ పరిష్కారమైనట్టే ఉంది. పైగా చివర్లో ఒక నవ్వు మొహం బొమ్మ.

ఇంటికెళ్లి తలస్నానం చేసినా కంపు జుట్టు వదల్లేదు. భోజనాల దగ్గర భర్త నసిగాడు. అన్నయ్యతో పెట్టుకోవద్దని, రేపు మళ్లీ ఒకళ్ల మొహాలొకళ్లు చూసుకోవాల్సినవాళ్లమని. కుళ్లు చూసి కూడా ముక్కు మూసుకు కూర్చునే వంశం కాబోలు మీది అనేసి ఆమె కంచం ముందునుంచి లేచిపోయింది.

మర్నాడు బావగారి గదిలో పంచాయితీ. బావగారు సెంటు చల్లిన రుమాలు ముక్కుకు అదిమిపట్టుకున్నారు. బావమరిది ఇస్త్రీ మడత నలగకుండా కూర్చుని ఫోన్ చూసుకుంటున్నాడు. అంత కంపులోనూ అతని మొహంలో చలనం లేదు, ఏం ముక్కో మరి. నాణ్యత కోసం ప్రతి సంభాషణా రికార్డు చేస్తామని గొప్పలు పోయింది వాళ్లే. కంప్యూటరమ్మ ఆ రికార్డే తెప్పించింది. మాటామంతీ లేకుండా దాన్ని తన ఫోన్‌లో పెట్టి వినిపించింది.

బాబాయ్ గొంతు వచ్చింది. "అమ్మాయ్, మూడో గది మిషను ఆగి ఆగి ఆడుతోందమ్మా. తలుపు వేసే ఉంచాను. ఎవర్నయినా తొందరగా పంపండి."

అవతల తేనె పూసిన గొంతు. "మీ సమస్యను గమనించాం సార్. మీకింకేమైనా సహాయం కావాలా?"

"అదే కావాలమ్మా" అన్నాడు బాబాయ్. ఫోన్ పెట్టేసిన చప్పుడు వినిపించింది.

బావగారు రుమాలు దించారు. కంప్యూటరమ్మ ఇక ఆగలేదు. "మీరు రాసుకున్న ఒప్పందం నిండా స్పందించాలి, స్పందించాలి అనే ఉంది బావగారూ. బాగుచేయాలని ఎక్కడా లేదు. వీళ్లు స్పందిస్తూనే ఉన్నారు, అవి కుళ్లుతూనే ఉన్నాయి. దీనికి మంచు బాబాయ్ ఎందుకు తల దించుకోవాలి?"

బావమరిది ఎగిరిపడతాడని, దబాయిస్తాడని ఆమె నడుం బిగించుకు కూర్చుంది. అతను దబాయించలేదు. ఫోన్ జేబులో పెట్టుకుని, నిండుగా నవ్వి, అక్షరాలా మా తప్పే బావా అన్నాడు. తప్పు ఒప్పుకోవడం మా కంపెనీ విలువల్లో మొదటిదని కూడా అన్నాడు. ఇంత తేలిగ్గా ఒప్పుకున్నాడేమిటా అని ఆమె ఇంకా విస్తుపోతుండగానే, ఒప్పందం ప్రకారం మా తప్పుకు పరిహారం సేవల రూపంలో ఇవ్వాలి కదా అని అందుకున్నాడు. గోదాము కాపలా కూడా మేమే చూసేస్తాం, కెమెరాలు పెడతాం, తలుపులు వాటంతటవే మూసుకునేలా చేస్తాం, ఏడాదిపాటు పూర్తిగా ఉచితం.

బావగారి మొహం విప్పారింది. చూశావా అమ్మాయ్, నువ్వు పట్టుబట్టబట్టే కదా ఇంత మేలు జరిగింది అని ఆమెనే మెచ్చుకున్నారు.

"మరి బాబాయ్?" అందామె.

"పాపం, అతని తప్పేమీ లేదని నువ్వే తేల్చావు కదమ్మా. గౌరవంగా పంపిద్దాం. దండ వేసి, నాలుగు మంచి మాటలు చెప్పి."

తప్పు లేని మనిషిని ఎందుకు పంపడమని ఆమె గొంతు పెంచింది. ఇది శిక్ష కాదమ్మా, ఏర్పాటు అన్నారు బావగారు ఎంతో ఓపిగ్గా. దండ కూడా మేమే తెస్తాం బావా అన్నాడు బావమరిది. కింద కుళ్లిన చేపల్ని తొట్లకెత్తి బయటికి మోస్తున్నారు. వాటిని ముట్టుకోవచ్చు, కడుక్కుంటే పోతుంది. ఈ గదిలో గాలి పీల్చాలంటేనే ఆమెకు డోకొచ్చింది.

బాబాయ్ ఆమె గదిలో ఎదురుచూస్తున్నాడు. అప్పటికే సగం కబురు అతని చెవిన పడింది. "నా తప్పు లేదని తేల్చారటగా అమ్మా" అని పసిపిల్లాడిలా నవ్వాడు. మిగతా సగం ఆమె చెప్పాల్సి వచ్చింది. నాన్చలేదు, చెప్పేసింది. అతను మెల్లగా కుర్చీలో కూర్చున్నాడు. ఆ గదిలో అతను కూర్చోవడం ఆమె ఎప్పుడూ చూడలేదు. ఈ వయసులో ఇంకెవరు పనిలో పెట్టుకుంటారు, ఇంటి దగ్గర ఆవిడకేం చెప్పాలి అని తనలో తను అనుకుంటున్నట్టు అన్నాడు. తర్వాత తలెత్తి చూశాడు.

"తప్పు నాదే అనుంటే ఉంచేవారా అమ్మా?"

అబద్ధం చెబుదామనుకుంది. నోరు రాలేదు. "ఉంచేవారు బాబాయ్."

అతను అరిగిన చేతులు ఒకసారి చూసుకున్నాడు. "అయితే తలుపు నేనే తీసి వదిలేశాను. వెళ్లి చెప్పండి."

"బాబాయ్, నువ్వు..."

"చెప్పండమ్మా. మీరు చెబితే వింటారు."

ఆమె వెళ్లింది. తన మీద తనకే అసహ్యం వేసింది, అయినా వెళ్లింది. బావగారూ, తలుపు బాబాయే తీసి వదిలేశాడట, ఇప్పుడు ఒప్పుకున్నాడు, తిట్టి వదిలేయండి, ఉండనివ్వండి అని ఒక్క గుక్కలో అప్పజెప్పింది. బావగారు ఆమెను, రికార్డు వినిపించిన ఫోన్‌ను మార్చి మార్చి చూశారు. ఏం చెప్పాలో ఆయనకు తోచలేదు.

బావమరిదికి తోచింది. "చూశారా బావా? మనుషుల్ని నమ్ముకుంటే ఇంతే."

బావగారు నిట్టూర్చారు. ఎంత మంచివాడనుకున్నాను అన్నారు. ఇక దండ, మర్యాదలు ఏమీ వద్దని, ఇవాళే తాళాలు తీసుకుని పంపించేయమని చెప్పి మళ్లీ రుమాలు ముక్కుకు పెట్టుకున్నారు.

కంప్యూటరమ్మ బయటికి వచ్చింది. తన గది అద్దంలోంచి బాబాయ్ కనిపిస్తున్నాడు. కుర్చీ అంచున కూర్చుని తలుపు వంకే చూస్తున్నాడు.