చూడలేదన్న మాట

దుప్పటి మూడోసారి కూడా వంకరగానే మడత పడింది.

"అక్కా, నీ వైపు కొస జారిపోతోంది" అంది ఎదురుగా నిలబడ్డ కొత్తామె.

రేడియో కొసలు విదిలించి మళ్ళీ పట్టుకుంది. ఆస్పత్రి దుప్పట్లు ఉతికే ఆ లాండ్రీలో ఆమెకు ఆ పేరు పెట్టింది తోటి ఆడవాళ్ళే. షిఫ్టు ఎక్కిన దగ్గర్నుంచి దిగేదాకా ఆ నోరు మూతపడేది కాదు మరి. ఇప్పుడు నాలుగు నెలలుగా మాట లేదు. ఇంటికెళ్తే స్నానానికి కూడా లేవబుద్ధి కాదు, ముద్ద దిగదు. ఏమైందని మొగుడు అడిగితే "ఒంట్లో బాలేదు" అంటుంది.

కొత్తామె వచ్చి మూడు వారాలైంది. రోజూ తన టీలో సగం పోసిస్తుంది. "ఎందుకక్కా ఆ దిగులు?" అని అడుగుతుంది. ఊరికే ఎవరు పోస్తారు టీ? ఆరా తీసిందంతా సూపర్‌వైజరు చెవిన వేస్తోందేమోనని రేడియో అనుమానం. పైగా ఆమె నిలబడేది వదిన నిలబడిన చోట.

వదిన వరసకేమీ కాదు, పిలుపుకే వదిన. పదకొండేళ్ళు ఇద్దరూ ఒకే దుప్పటికి అటూ ఇటూ నిలబడ్డారు. పని నెమ్మదిగా సాగుతోందని, చేతులు లోపలికి పోకుండా ఇస్త్రీ రోలరు ముందుండే అడ్డుకడ్డీని సూపర్‌వైజరు విప్పించాడు. ఆ వారమే వదిన కుడిచెయ్యి మణికట్టు దాకా నలిగిపోయింది. కడ్డీ ఉందా లేదా అని విచారణలో అడిగారు.

"నేను చూడలేదండీ" అంది రేడియో.

పరధ్యానంగా పనిచేసిందని రాసి వదినను పంపించేశారు. ఆ తర్వాత ఆమె గడప తొక్కే మొహం రేడియోకు లేకపోయింది.

మధ్యాహ్నం సూపర్‌వైజరు కేకేశాడు. "మనసు బాగోనివాళ్ళ కోసం కౌన్సెలింగ్ మేడమ్ వచ్చారు. ఇవాళ నీ వంతు. వెళ్ళు."

"మన మనసుల మీద వీళ్ళకింత ప్రేమ ఎప్పట్నుంచో!" అని వెనక ఎవరో గొణిగారు.

కొత్తామె దుప్పటి అందిస్తున్నట్టు దగ్గరికొచ్చింది. "కాగితమిస్తారు. నిన్న నాకూ ఇచ్చారు. ఆఖరి వాక్యం చదవకుండా సంతకం పెట్టకక్కా."

"నువ్వు పెట్టావా?"

"పెట్టేశాను. అందుకే చెప్తున్నా" అంది ఆమె తలొంచుకుని.

ఇది కూడా వాళ్ళు చెప్పమన్న మాటేనా? తేల్చుకోలేకపోతూనే రేడియో లోపలికి వెళ్ళింది.

మేడమ్ మెత్తగా మాట్లాడింది. పొద్దున్నే అద్దంలో చూసుకుని నవ్వమంది. కాసేపు నడవమంది. చెడ్డ సలహాలేం కావు. తర్వాత కాగితం ముందుకు తోసింది.

"ఆఖరి వాక్యం చదివి పెట్టండమ్మా. అక్షరాలు చిన్నవి, నాకు ఆనట్లేదు" అంది రేడియో.

"అదా... మామూలు షరతే."

"మామూలుదైతే చదవండి మరి."

మేడమ్ గొంతు తగ్గించింది. "నా మనోస్థితి కారణంగా పనిలో ఏ ప్రమాదం జరిగినా అందుకు నేనే బాధ్యురాలిని."

రేడియో కాగితాన్ని వెనక్కి తోసింది. వదినకు చెయ్యి పోయాక రాశారు. తనకు ముందే రాసిపెట్టారు.

"నేను పెట్టను."

"మీ సంతోషం కోసమే కదమ్మా ఇదంతా."

"అయితే నా దిగులేంటో చెప్తా, రాసుకోండి. ఆ రోజు రోలరుకి కడ్డీ లేదు. విప్పించింది మా సూపర్‌వైజరే. నేను కళ్ళారా చూశాను. చూడలేదని అబద్ధం చెప్పాను. అప్పట్నుంచే నాకు తిండి సయించట్లేదు."

తలుపు దగ్గర సూపర్‌వైజరు నిలబడి ఉన్నాడు. ఎప్పుడొచ్చాడో తెలియదు. "నోరు జారకు. పని పోతుంది" అన్నాడు.

రేడియో అతని వైపు తిరిగింది. "పోతే పోనీండి. సాయంత్రం మా వదిన దగ్గరికి వెళ్తున్నా. ఆమెకీ ఇదే చెప్తా."

ఆ మాట అన్నాక గుండెల్లోకి గాలి నిండుగా వచ్చింది. కుర్చీ జరుపుకుని తిన్నగా కూర్చుంది.

"రాసుకోండి మేడమ్."

మేడమ్ ఓ తెల్లకాగితం తీసుకుని కలం మూత తీసింది. సూపర్‌వైజరు వంక చూసింది. మళ్ళీ ఈమె వంక చూసింది. కాగితం మీద ఇంకా ఒక్క అక్షరమూ పడలేదు.