నేను చెప్పిన పదకొండున్నర

నేను ఒక ఆక్సిజన్ సెన్సర్‌ని. బొటనవేలంత ఉంటాను. కారు పొగగొట్టానికి బెజ్జం చేసి, నన్ను అందులో మర తిప్పి బిగిస్తారు. ఇంజిను వదిలిన పొగలో కాలకుండా మిగిలిన ఆక్సిజన్ ఎంతుందో చూసి, వైరు ద్వారా డాష్‌బోర్డు మీదున్న గుండ్రటి మీటరుకు కబురు పంపడం నా పని. బతుకంతా పొగలోనే గడిచింది కాబట్టి నా మాట కాస్త చేదుగా ఉంటే ఏమనుకోకండి.

మీటరు మీద అంకె చూసి, పెట్రోలు ఎంత పడుతోందో నేను చెబుతున్నానని మనుషులు అనుకుంటారు. పెట్రోలును నేను కళ్ళజూసి ఎరగను. ఒక కిలో పెట్రోలు పూర్తిగా కాలాలంటే సుమారు పద్నాలుగు ముప్పావు కిలోల గాలి కావాలి. పందెం కారులో యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కినప్పుడు అంత గాలి ఇవ్వరు, పదకొండున్నర దగ్గర ఆపుతారు. అంకె తగ్గితే పెట్రోలు ఎక్కువైనట్టు. ఇంజిను చల్లగా ఉంటుంది కాని జోరు చచ్చిపోతుంది. అంకె పెరిగితే పెట్రోలు తక్కువైనట్టు. జోరు వస్తుంది, దాంతోపాటు పిస్టన్లను కరిగించే వేడీ వస్తుంది. ఈ రెండింటి మధ్య ఉన్న కాస్త సందులోనే పందేల వాళ్ళ ప్రాణాలు ఆడుతుంటాయి.

నేను పుట్టింది ఎక్కడో చలి దేశపు ఫ్యాక్టరీలో. మొదట హైదరాబాదులో ఒక పెద్దింటి అబ్బాయి కారులో చేరాను. ఆయన నన్ను కొన్నది నీలం రంగులో వెలిగే మీటరు కోసం. రెండేళ్ళలో ఒక్కసారి కూడా ఆ అంకెకు అర్థమేమిటని అడిగిన పాపాన పోలేదు. ఆ కారు అమ్ముడుపోయాక చేతులు మారి, చివరకు విజయవాడ ఆటోనగర్‌లో భద్రయ్య మేస్త్రి షెడ్డుకు చేరుకున్నాను.

భద్రయ్య పేరు ఆ వీధుల్లో మారుమోగేది. బానెట్ మీద అరచెయ్యి ఆనించి, తల ఓరగా వంచి, ఫలానా సిలిండరు సరిగ్గా కాలడం లేదని చెప్పేసేవాడట. కంప్యూటర్లు పెట్టుకుని కూర్చున్న షోరూముల వాళ్ళు కూడా తెగని కేసుల్ని ఆయన దగ్గరికే తోలేవారు. నేను వచ్చేసరికి ఆ చెవులు పోయాయి. సైలెన్సర్లు విప్పిన ఇంజిన్ల పక్కన ముప్పై ఏళ్ళు నిలబడితే ఎవరి చెవులైనా పోతాయి. ఆ సంగతి ఆయన ఎవరికీ చెప్పలేదు. ఎదురుగా ఉన్నవాళ్ళ పెదాలు చూసి తల ఊపేవాడు. వెనక నుంచి పిలిస్తే పలికేవాడు కాదు. పెద్ద మేస్త్రి కదా, ఆ మాత్రం బిగువు ఉంటుందిలే అని జనం సరిపెట్టుకునేవారు. మనుషులు చెవుడును ఒప్పుకోరు గాని గర్వాన్ని ఎంత సులువుగా ఒప్పుకుంటారో చూశారా! ఆయనకు చెవులుగా ఉండటానికే నన్ను కొన్నాడు. అడిగినవాళ్ళకు మాత్రం, "కాలం మారింది బాబూ, ఇప్పుడంతా మీటర్లదే" అనేవాడు.

ఆయన భార్య మాణిక్యం. ఆమె తమ్ముడు ధనుంజయ. తల్లి పోయినప్పుడు ధనుంజయకు నాలుగేళ్ళు. మాణిక్యం తనతోపాటే వాణ్ణి అత్తవారింటికి తెచ్చుకుని పెంచింది. వాడు భద్రయ్య షెడ్డులోనే పని నేర్చి, ముప్పై ఏళ్ళు వచ్చేసరికి పందేల్లో కార్లు నడిపేంత వాడయ్యాడు. నన్ను బిగించింది వాడు నడిపే పాత కారుకే. నిలిచిన చోటు నుంచి పావు మైలు ఎవరు ముందు దాటితే వాళ్ళది గెలుపు. వాడి సర్వస్వం ఆ పది పన్నెండు సెకన్లే.

నాకొక బలహీనత ఉంది. వాడకంలో నా చూపు మెల్లగా తప్పుతుంది. అందుకని అప్పుడప్పుడు నన్ను పొగగొట్టంలోంచి విప్పి, శుభ్రమైన బయటి గాలిలో వేలాడదీసి, ఒక బటన్ నొక్కాలి. 'ఇదిగో, గాలంటే ఇది' అని నాకు గుర్తు చేయడమన్నమాట, కాలిబ్రేట్ చేయడం అంటారు. ఆ క్షణంలో నా ముందు ఏది ఉంటే దాన్నే గాలి అని నమ్ముతాను. ప్రశ్నించే గుణం నాకు పెట్టలేదు. భద్రయ్య ప్రతిసారీ నన్ను షెడ్డు వెనక ఖాళీ జాగాలోకి పట్టుకెళ్ళేవాడు.

పందేనికి రెండు రోజుల ముందు శుక్రవారం. జడివాన. షట్టరు సగానికి దించారు. లోపల ఇంకో కారు ఇంజిను ఆన్‌లోనే ఉంది. నన్ను విప్పి, ఎత్తిన బానెట్ కొక్కేనికి తగిలించారు. వాన తగ్గాక వెనక్కి తీసుకెళ్దామని భద్రయ్య అనుకుంటుండగా సాంబ్రాణి సాయిబు వచ్చాడు. ప్రతి శుక్రవారం కొట్టు కొట్టుకూ తిరిగి పొగ వేసి, నెమలీకల కట్టతో విసిరి వెళ్ళే ముసలాయన. ఆటోనగర్‌లో ఆ పొగ పడకుండా ఏ షట్టరూ మూయరు.

"మన కారుకు కాస్త ఎక్కువ వెయ్యండి సాయిబు గారూ, ఆదివారం పందెం ఉంది" అన్నాడు ధనుంజయ.

"అల్లా చల్లగా చూస్తాడు నాయనా" అంటూ ఆయన నిప్పుల మీద రెండు గుప్పిళ్ళు చల్లాడు. పొగ దట్టంగా లేచి బానెట్ కింద నిండింది. అందరూ కళ్ళు మూసుకుని దండం పెట్టుకున్నారు. వాన తగ్గలేదు. పొద్దుపోతోంది, తెల్లారితే కారును రోడ్డు మీద పరీక్షించాలి. భద్రయ్య కళ్ళు తెరిచి, చెయ్యి చాచి, బటన్ నొక్కాడు.

ఇంజిను పొగ ఒక్కటే అయితే ఆయన పొగ అనుకునేవాడు. దాని మీద సాంబ్రాణి కమ్మింది. దాన్ని పొగగా లెక్కపెట్టడం ఆయనకు తోచనే లేదు. నా ముందున్నది సగం చచ్చిన గాలి. అదే గాలి అని నేను నమ్మాను. దాంతో నా కొలబద్ద కుంచించుకుపోయింది, ఇక గాలి ఎక్కువైనా పెట్రోలు ఎక్కువైనా ఉన్నదానికన్నా ఎక్కువగానే చెబుతాను.

మర్నాడు పొద్దున్నే బైపాసు రోడ్డు మీదికి తీశారు. ధనుంజయ స్టీరింగు దగ్గర, పక్కన ఒళ్ళో ల్యాప్‌టాప్‌తో భద్రయ్య. యాక్సిలరేటర్ తొక్కగానే పదిన్నరకు కాస్త పైన చూపించాను. పెట్రోలు ఎక్కువైందని భద్రయ్య తగ్గించాడు. మళ్ళీ తొక్కారు. ఇంకొంచెం తగ్గించాడు. చివరకు నేను పదకొండున్నర అన్నాను. నిజమైన అంకె అప్పటికే పన్నెండు దాటిపోయింది.

అప్పుడు ఇంజినులో ఒక చప్పుడు మొదలైంది. డబ్బాలో గులకరాళ్ళు ఊపినట్టు సన్నగా ఉంటుంది. పెట్రోలు చాలక, మంట అదుపు తప్పి పిస్టన్లను సుత్తితో కొడుతున్న చప్పుడది. ఒకప్పటి భద్రయ్య దాన్ని వీధి చివరి నుంచి పట్టేసేవాడు.

ధనుంజయ కాలు తీసి, బావ వైపు తిరిగాడు. "బావా, ఏదో చిటపటమంటోంది. విన్నావా?"

భద్రయ్య వాడి పెదాలు చూశాడు. మాట అర్థమైంది. నాకు వినపడదురా అని ఆ నిమిషాన అనేస్తే పోయేది. నోరు తెరిచాడు కూడా. మీటరు వైపు చూశాడు. "పదకొండున్నర. బంగారంలా ఉంది. సైలెన్సర్ క్లాంపు వదులై ఉంటుందిలే" అన్నాడు.

"అంతేలే. నీ చెవికి దొరకలేదంటే అది లేనట్టే" అని నవ్వి, ధనుంజయ గేరు వేశాడు.

నాకు నోరుంటే ఏమనేదాన్నో తెలియదు. అనడానికి నాకు తెలిసినదైనా ఏముంది? నేనూ పదకొండున్నరే అనుకున్నాను.

ఆదివారం, పాడుబడ్డ రన్‌వే మీద పందెం. మాణిక్యం టిఫిన్ క్యారేజీ పట్టుకుని కంచె అవతల నిలబడింది. మొదటి రెండు పరుగులు ధనుంజయే గెలిచాడు. మూడోసారి నేను పదకొండున్నర అంటూనే ఉన్నాను, పిస్టను నెత్తి కరిగి చిల్లు పడింది. దాన్ని మోసే కడ్డీ విరిగి ఇంజిను గోడను పొడుచుకుని బయటికొచ్చింది. వేడి నూనె ఎర్రగా కాలిన గొట్టాల మీద పడి భగ్గుమంది. కారు గీత దాటి ఇసుక బస్తాలను గుద్దుకుంది. తలుపు ఊడదీయడానికి నలుగురు మనుషులు పట్టారు. అప్పటికి ఆలస్యమైంది.

ధనుంజయ ఆసుపత్రిలో తొమ్మిది రోజులు ఉన్నాడు. పదో రోజు లేడు.

నిర్వాహకుల ఇంజినీరు కారంతా చూసి, చివరకు నన్ను విప్పి, బయట ఎండలో గాలికి పట్టి పరీక్షించాడు. "ఇది బయటి గాలిని కూడా సరిగ్గా చదవడం లేదండీ. పోయిన సెన్సర్ ఇది" అని తేల్చాడు. భద్రయ్యను, "దీన్ని చివరిసారి ఎక్కడ కాలిబ్రేట్ చేశారు?" అని అడిగాడు. ఆ మాట అంటున్నప్పుడు ఆయన తల నా మీదికి వంగి ఉంది. భద్రయ్యకు పెదాలు కనపడలేదు. ఊరికే తల ఊపాడు. పాపం దుఃఖంలో ఉన్నాడని ఇంజినీరు మళ్ళీ అడగలేదు. నాలో ఏ లోపమూ లేదు. పొగను చూపి గాలి అంటే నమ్మాను, అంతే. మాయదారి సెన్సర్ బంగారంలాంటి మనిషిని పొట్టన పెట్టుకుందని ఆటోనగర్ అంతా అనుకుంది. ఎవరి మనసూ నొప్పించని తీర్పు కదా, అందరికీ నచ్చింది.

పెద్దకర్మ అయిన మూడో రోజు మధ్యాహ్నం భద్రయ్య షెడ్డు తెరిచాడు. నన్ను అరచేతిలో పెట్టుకుని స్టూలు మీద కూర్చున్నాడు. మాణిక్యం అన్నం తెచ్చి బల్ల మీద పెట్టింది. ఆయన ఆమె ముఖం చూడలేక నన్నే చూస్తూ మొదలుపెట్టాడు.

"దీని తప్పేం లేదే. సాంబ్రాణి పొగలో పెట్టి బటన్ నొక్కాను. అది ఒకటి. ఇంకోటుంది. వాడు నన్ను అడిగాడు, విన్నావా బావా అని. నాకు వినపడలేదు మాణిక్యం. నాకు మూడేళ్ళ నుంచీ సరిగా వినపడదు. చెప్పడానికి సిగ్గేసింది. ఆ సిగ్గుకు వాణ్ణి బలిచ్చేశాను."

ఏడుస్తున్నాడు. తల ఎత్తలేదు. మాణిక్యం ఆయన వెనక్కి వెళ్ళి గోడకు ఆనుకుంది. తర్వాత చిన్న గొంతుతో, తనలో తను అనుకుంటున్నట్టుగా మాట్లాడింది.

"నాకు తెలుసయ్యా. మూడేళ్ళుగా ఇంట్లో నేను అరిచి మాట్లాడేది మరి ఎందుకనుకున్నావు? మేస్త్రికి చెవుడంటే నీ పేరు పోతుందని తమ్ముడికి కూడా చెప్పలేదు. వాడొకసారి అడిగాడు, బావకు వినపడటం లేదా అక్కా అని. లేదురా, పరధ్యానం అన్నాను."

భద్రయ్య అలాగే నా వైపే చూస్తూ కూర్చున్నాడు. కాసేపటికి తల తిప్పి, ఆమె తడి ముఖం చూసి, కంగారుగా అడిగాడు. "ఏమైనా అన్నావా?"

మాణిక్యం చెంగుతో ముఖం తుడుచుకుంది. ఆయన ఎదురుకు వచ్చి, పెదాలు కనపడేలా నిలబడి, గట్టిగా అంది.

"ఏం లేదు. అన్నం చల్లారిపోతోంది, తిను."