పడవ కడిగిన నీళ్లు

పద్దెనిమిదోసారి తాడు లాగేసరికి నిత్యానందం భుజం పట్టేసింది. పడవ ఇంజను ఒక్కసారి గరగరమని మళ్లీ ఊరుకుంది.

"ఏందిరా, ఇంకెంతసేపు?" గట్టు మీది నుంచి నరసింహులు అరిచాడు.

నరసింహులుకు నలభై ఏళ్లు. నిత్యానందానికి యాభై ఎనిమిది. ఆ 'రా' ఇద్దరికీ అలవాటే.

చెరువులో చేపలు పట్టే హక్కు వేలంపాటలో నరసింహులు దక్కించుకున్నాడు. నాలుగేళ్లు చెరువు ఎండిపోయి అందులో గొర్రెలు మేశాయి. అన్నాళ్లూ మోటారు పడవ గట్టు పక్కన రేకుల షెడ్డులో పడి ఉంది. పోయినేడు నిండుగా వానలు పడ్డాయి. వేసిన చేపపిల్లలు కిలో దాటాయి. నిన్న సాయంత్రం తెప్పల మీద పోయి నడిచెరువు దాకా వలలు వేసొచ్చారు. తెల్లారేసరికి గాలి ఎదురుతిరిగింది. చేప పడిన వలలను ఆ గాలిలో తెప్పల మీద లాగడం మనిషివల్ల కాదు. గట్టు మీద ఐసు లారీ నీళ్లు కారుస్తూ నిలబడి ఉంది.

అందుకే కంభం బస్టాండు వెనక మందు స్ప్రేయర్లూ పంపుసెట్లూ బాగుచేసే నిత్యానందాన్ని పిలిపించారు. వయసులో ఉన్నప్పుడు ఓడరేవులో పడవ ఇంజన్ల దగ్గర ఆరేళ్లు పనిచేసిన మనిషి. కూలి ఎనిమిది వందలన్నారు. భార్య కరుణమ్మకు కూడా ఆ చెరువు దగ్గరే పని. చర్చి పాలెం ఆడవాళ్లు ఏడుగురితో కలిసి చేపల ట్రేలు మోస్తే రోజుకు మూడొందల యాభై.

ఉదయం పడవను గట్టు వారగా నీళ్లలోకి దింపాక నిత్యానందం ట్యాంకు మూత తీసి వాసన చూశాడు. నాలుగేళ్ల నాటి పెట్రోలు, వార్నిష్ వాసన కొడుతోంది. పారబోసి కొత్తది పోయించాడు. ప్లగ్గు విప్పి తుప్పు గీకి, ఇంజను ఒంటికి ఆనించి తాడు లాగితే నీలంగా రవ్వ మెరిసింది. రవ్వ ఉంది, పెట్రోలు ఉంది. అయినా అంటుకోవడం లేదంటే మధ్యలో దారి మూసుకుపోయినట్టే. కార్బొరేటర్ విప్పాడు. లోపలి సన్నటి బెజ్జంలో తుమ్మబంకలాంటి జిగురు గడ్డకట్టి ఉంది. కరెంటు వైరులోంచి ఒక రాగిపోగు లాగి పొడిచాడు. పెట్రోలుతో కడిగి, నోటితో ఊది చూసి బిగించాడు. ఇంజన్ను చల్లబరిచే నీళ్లు బయటికి చిమ్మే గొట్టంలో కందిరీగ మట్టిగూడు కట్టుకుని ఉంది. అదీ పొడిచి తీశాడు.

పంతొమ్మిదోసారి లాగాడు. తెల్లటి పొగ కక్కి ఇంజను అందుకుంది. గొట్టంలోంచి నీళ్ల ధార చిమ్మింది. గట్టు కింద ఆడవాళ్లు కేకలు వేశారు. కరుణమ్మ కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది.

"ఇంక ఆపేసి దిగు" అన్నాడు పవన్. నరసింహులు చిన్నాన్న కొడుకు. "మా పెద్దమ్మ వచ్చింది. కొబ్బరికాయ కొట్టాల."

"ఇంజను మూత బిగించి దిగుతా బాబూ. లోపల తడి తగలగూడదు."

"మేం బిగిస్తాంలే, దిగు."

నరసింహులు తల్లి సరస్వతమ్మ పసుపునీళ్ల బకెట్టు మోయించుకుని వచ్చింది. కఠినంగా మాట్లాడే మనిషి కాదు. "పాపం, పొద్దున్నుంచీ కష్టపడినాడు. వానికి తాగను నీళ్లు పొయ్యండి" అంది. పవన్ ఎత్తి పోస్తే నిత్యానందం దోసిలి పట్టి తాగాడు. అప్పుడామె మామిడి మండతో పడవ కడగడం మొదలుపెట్టింది.

"యాడ కూసున్న్యావురా?"

"ఆ చెక్క మింద అమ్మా."

అక్కడ కడిగింది.

"ఇంకా యాడ యాడ ముట్టినావు?"

నిత్యానందం ఒక్కొక్కటే చూపించాడు. అంచు, తాడు, ట్యాంకు. పాలెం ఆడవాళ్లంతా చూస్తున్నారు. కరుణమ్మ తల దించుకుంది.

"ఇంజను లోపల?"

"లోపలంతా ముట్టినానమ్మా. ముట్టకుండా ఎట్ల బాగయితాది? దాంట్లో మాత్రం నీళ్లు పొయ్యొద్దు తల్లీ, చెడిపోతాది."

"పసుపునీళ్లకు ఏం చెడతాది?" అని ఆమె చెంబు ముంచి, మూత లేని ఇంజను మీద నిండుగా పోసింది.

కాయ కొట్టారు. పవన్ ఎక్కి తాడు లాగాడు. ఉలుకూ పలుకూ లేదు. ఇరవైసార్లు లాగాడు. ఎండ పైకొచ్చింది. లారీ కింద మడుగు పెద్దదైంది.

"ఏం చేసినావురా దీన్ని?" నరసింహులు నిత్యానందం చొక్కా పట్టుకున్నాడు. "కావాలని చెడగొట్టినావా?"

"లోపలికి నీళ్లు పోయినాయి అయ్యా. విప్పి ఆరబెట్టాల."

"ఎట్లనో పవన్‌కు చెప్పు. నువ్వు మాత్రం పడవ తాకొద్దు. ఇప్పుడే కడిగినాం."

నడుముల్లోతు నీళ్లలో పడవకు జానెడు దూరంలో నిలబడి నిత్యానందం చెప్పసాగాడు. ప్లగ్గు విప్పు బాబూ. తుడువు. అట్ల కాదు, ఎడమకు తిప్పు. పవన్ చేతిలోంచి ప్లగ్గు జారి చెరువులో పడింది. నిత్యానందం మునిగాడు. ఒండ్రులో తడిమి, రెండోసారి మునిగి తీసుకొచ్చాడు. నోట్లోకి పోయిన బురద ఉమ్మి, చొక్కా పిండి ప్లగ్గును తుడిచి చెయ్యి చాపాడు.

పవన్ దాన్ని అందుకోలేదు. బకెట్టు ముందుకు జరిపాడు. "దీంట్లో వెయ్యి."

"తడుస్తాది బాబూ..."

"వెయ్యమంటాంటే!"

వేశాడు. పవన్ దాన్ని పసుపునీళ్లలోంచి తీసి బిగించి తాడు లాగాడు. ఏమీ లేదు.

నరసింహులు నీళ్లలోకి దిగి వచ్చి నిత్యానందం చెంప మీద కొట్టాడు. తూలి పడబోయి నిత్యానందం పడవ అంచు పట్టుకున్నాడు. వెంటనే నిప్పు తగిలినట్టు చెయ్యి తీసేశాడు. కొట్టిన దెబ్బకన్నా, తన చెయ్యి అట్లా వెనక్కి రావడం అతనికి ఎక్కువ సిగ్గనిపించింది.

పదిన్నరయింది. వలల్లో చేప చస్తోందని తెప్ప మీదున్న మనిషి కేక పెట్టాడు. నరసింహులు ఒకసారి తల్లివైపు, ఒకసారి లారీవైపు చూశాడు.

"సరే, ఎక్కు. నువ్వే చెయ్యి" అన్నాడు. "మళ్లీ కడుక్కుంటాంలే."

నిత్యానందం కదల్లేదు.

"ఎక్కమంటే? ఇంకో రెండొందలిస్తాలే."

"ముట్టను."

ఆ మాట అంత గట్టిగా వస్తుందని నిత్యానందమే అనుకోలేదు. నీళ్లలోంచి గట్టెక్కి తన పానాలూ స్క్రూడ్రైవర్లూ ఏరి సంచిలో వేసుకోవడం మొదలుపెట్టాడు.

"మంచిది" అన్నాడు నరసింహులు. "రేపట్నుంచి మీ పాలెం ఆడది ఒక్కతి గూడా ఈ గట్టెక్కదు. ఇయ్యాల్టి కూలి గూడా లేదు. పొండి."

ఆడవాళ్లలో గొణుగుడు లేచింది. రేచల్ తల మీద ఖాళీ ట్రేతోనే ముందుకొచ్చింది. మొగుడు లేని మనిషి, ఇద్దరు బిడ్డలు.

"మామా, నీకు దండం పెడతా, పొయ్యి చేసిరా. మనకిది కొత్తనా? నీ పౌరుషానికి నా బిడ్డలు పస్తుండాల్నా?"

నిత్యానందం చేతిలో పానా ఆగిపోయింది. పడవవైపు చూశాడు. ఒక అడుగు వేశాడు కూడా.

అప్పుడు కరుణమ్మ నెత్తి మీది చుట్టకుదురు తీసింది. దులిపి కింద వేసుకుని, గట్టు మీద పడవ దగ్గరికి పోయే దారికడ్డంగా దాని మీద కూర్చుంది. నరసింహులును సూటిగా చూసింది.

వెనకనుంచి ఇంకొకామె ట్రే దించిన చప్పుడు వినిపించింది.

రేచల్ దించలేదు. రెండు చేతులతో ట్రే పట్టుకుని, కరుణమ్మను దాటిపోనూ లేక, పక్కన కూర్చోనూ లేక, ఎండలో అట్లాగే నిలబడి ఏడుస్తోంది.