పలాసలో కొన్న టికెట్లు

మా మొగలిదిబ్బ హాల్టును మూయించింది రైల్వేవాళ్లు కాదు, నేనే. ఎవరేమన్నా సరే, అది ఈ కూర్మయ్య చేసిన ఘనకార్యం.

పూండికీ పలాసకీ మధ్య జీడితోటల పక్కన ఉండేది హాల్టు. మా నాన్న తరం వాళ్లు పదేళ్లు అర్జీలు పెట్టి, నెత్తిన మట్టి మోసి ప్లాట్‌ఫారం వేసుకుంటే, పాసింజరు ఒక్క నిమిషం ఆగడం మొదలైంది. తొంభైతొమ్మిది తుఫానుకి రేకులు ఎగిరిపోతే తాటాకు కప్పుకున్నాం. మా ఊళ్లో పదో తరగతి గట్టెక్కినవాణ్ని నేనొక్కణ్నే కాబట్టి, కమీషను మీద టికెట్లు అమ్మే పని నాకిచ్చారు.

పొద్దున్న బండికి మా ఆడవాళ్లు ఇరవైమంది చేపల బుట్టలతో పలాస వెళ్లేవారు. బస్సువాడు చేపల బుట్ట ఎక్కించుకోడు. ఈ బండి లేకపోతే ఒడ్డుకొచ్చే దళారి చెప్పిందే ధర. వాళ్లకో పట్టింపు ఉండేది. బోణీ కాకుండా చేతిలోంచి పైసా తీయరు. తీస్తే ఆ రోజు బుట్ట బుట్టంతా మిగిలిపోతుందని భయం. వాళ్లలో అసిరమ్మతో రోజూ ఇదే గొడవ. చివరికి నా తెలివి చూపించాను.

"పోనీలెయ్యే అసిరమ్మా! సాయంత్రం పలాసలో రెండు టికెట్లు తీసుకో. ఒకటి పొద్దున్నదానికి, ఒకటి మాపటిదానికి. రైలుకి ముట్టితే సాలు గదా" అన్నాను.

అమ్మో, ఎంత నిజాయితీ వాళ్లది! పద్నాలుగేళ్లు ఒక్కరూ ఎగ్గొట్టలేదు. తనిఖీవాళ్లు కూడా నీచుకంపుకి జడిసి ఆ పెట్టె ఎక్కేవారు కాదు.

రెండువేల మూడులో పెద్దాఫీసు నుంచి అధికారి వచ్చాడు. "రోజుకి నాలుగు టికెట్లు అమ్ముతున్నారు. దీనికి బండి ఆపాలా? నెలాఖరుతో ఈ హాల్టు ఎత్తేస్తున్నాం" అన్నాడు.

అసిరమ్మ ఇంటికి పరుగెత్తి రేకు డబ్బా తెచ్చి ఆయన ముందు బోర్లించింది. అన్నీ పొద్దుటి ప్రయాణాల కోసం కొన్న టికెట్లే. ఏళ్ల తరబడి దాచినవి.

"సూడండి బాబూ! ఒక్కపూటైనా ఊరికే ఎక్కేమేటి?"

ఆయన నాలుగు తీసి చూశాడు. కసురుకుని ఉంటే బాగుండేది. మెత్తగా చెప్పాడు. "ఇవన్నీ పలాసలో కొన్నవమ్మా. పలాస లెక్కలోకే వెళ్లాయి. మీ హాల్టుకి ఒక్కటీ రాదు."

అసిరమ్మ నా వంక చూసింది. నేను పట్టాల వంక చూశాను.

ఆఖరి రోజు పొద్దున్న ఆమె బుట్ట దించకుండానే కొంగుముడి విప్పింది. "టికెట్టియ్యి బావా."

"బోణీ అవనేదు కదే!"

"ఇంక బోణీ ఏటి? రేపట్నుంచి ఈ బుట్టెక్కడికి ఎత్తుకెల్తాను? ఇయ్యి."

తేదీ ముద్ర కొట్టి ఇచ్చాను. చదువు రాదు కదా, అట్టముక్క మీద అక్షరాలను బొటనవేలితో తడిమింది.

"ఇందుల మనూరి పేరుందేటి?"

"ఉంది."

"ఇది కావాలని తెలిత్తే బోణీ గీణీ ఒగ్గీసి రోజూ కొనీవోలం గదా బావా. సదువుకున్నోడివి. నీకు తెల్దేటి?"

నాకు తెలుసు. మొదటి రోజు నుంచీ తెలుసు. పొద్దున్నే వాళ్లతో గొడవెందుకని ఊరుకున్నాను. ఆ మాటే చెబుదామని నోరు తెరిచేసరికి బండి వచ్చేసింది. అసిరమ్మ ఎక్కేసింది.