పిన్ని పటానికి దండ

ఈ ఉదయం నుంచి నా బొమ్మలు, వాటిలో ఉన్న మనుషులంత బరువు తూగుతున్నాయి. నిన్న చంకలో పెట్టుకుని తెచ్చిన పాల రామునాయుడి పటాన్ని ఇవాళ ముగ్గురం కలిసి ఎత్తుతున్నాం. తవిటమ్మ పిన్నిది మాత్రం నేనొక్కదాన్నే మోస్తున్నాను. జూట్ మిల్లు ముప్పై ఏళ్లు వాడుకున్నాక ఆమెలో మిగిలింది కొంచెమే.

ఇది నా మొదటి ప్రదర్శన. విజయనగరంలో మా వీధివాళ్లను పదకొండు మందిని గీశాను, అందరూ బతికే ఉన్నారు. అమ్మ పోయాక నన్ను పెంచింది పిన్ని. నా మొదటి రంగుల పెట్టె ఆమె తెచ్చిందే. అందుకే ఆమెను నడిగోడకు తగిలిస్తున్నాను.

తప్పు నాదే. ముఖ్య అతిథి కోసం "పూలదండ ఒకటి తెప్పించండి" అని హాలు చూసుకునే గౌరన్న గారికి చీటీ రాశాను. దండ ఎవరికో అందులో రాయలేదు. ఈ హాల్లో జరిగేవన్నీ సంతాప సభలే. దీపం కుందెలో వత్తులు వేసి వచ్చేసరికి పిన్ని పటానికి బంతిపూల దండ వేలాడుతోంది. కింద అగరొత్తులు కూడా వెలుగుతున్నాయి.

"గౌరన్న గారూ, ఆవిడ బతికే ఉన్నారండీ!"

"ఈ గోడకెక్కినోలందరికీ దండేసినానమ్మా. పాతికేళ్లలో ఒక్కలు కూడా కాదన్నేదు" అంటాడాయన.

నాకు ఒళ్లు మండుతోంది. కాదనే మనిషి కోసం గుమ్మం వైపు చూస్తున్నాను. పిన్ని వస్తూనే ఉంది. కొత్త నేతచీర కట్టుకుంది. మెట్ల మీద చెప్పుల చప్పుడు మాత్రం లేదు. పటం కూడా తేలికైపోయి, గాలి వీస్తే గోడకు కొట్టుకుంటోంది.

పిన్ని చాలాసేపు దండనే చూస్తుంది.

"ఓలమ్మ! నానెప్పుడు పోనానే పైడీ?"

"పోలేదు పిన్నీ. పొరపాటు జరిగింది. ఇప్పుడే తీసేస్తాను."

"ఏసిన దండ తీత్తే అపశకునమే. జనం వొచ్చేత్తన్నారు. ఉండనీ."

జనం వస్తున్నారు. మిగతా పది పటాల ముందు నుంచి పెళ్లిలో వడ్డనవాళ్లలా నడిచిపోయి, పిన్ని ముందు చెప్పులు విడిచి చేతులు జోడిస్తున్నారు. ప్రాణం ఉట్టిపడుతోందంటున్నారు. పోయినావిడ ఇప్పుడే మాట్లాడేలా ఉందంటున్నారు. నిజం చెప్పొద్దూ, నాకు సంతోషంగా ఉంది. ఆ మాట కోసం పదేళ్లుగా కాచుక్కూచున్నాను. ముఖ్య అతిథి మాట్లాడాక దండ తీద్దాంలే అనుకుంటున్నాను. ఇంత సిగ్గుమాలిన ఆలోచన నాకెప్పుడూ రాలేదు. వచ్చాక పోవడమూ లేదు.

ముఖ్య అతిథి మా డ్రాయింగు మాస్టారు. ఆయన మైకు ముందు నిలబడి రెండు నిమిషాలు మౌనం పాటించమంటాడు. అందరూ తలలు దించుతున్నారు. వెనక కిటికీ దగ్గర పిన్ని కూడా కొంగు కప్పుకుని, తనకోసం తనే తల దించుతోంది. ఆమె భుజంలోంచి కిటికీ ఊచలు కనిపిస్తున్నాయి.

"ఆవిడ చావలేదు!" అని అరుస్తున్నాను.

"పాపం, దగ్గర బంధువులాగుంది" అంటారెవరో, తల ఎత్తకుండానే.

దండ పట్టుకుని లాగుతున్నాను. అది వస్తోంది, వస్తూనే ఉంది. బంతిపూలు నా మోకాళ్ల దాకా పేరుకున్నాయి, పటం మీద దండ మాత్రం అలాగే ఉంది. తిరిగి చూస్తే కిటికీ దగ్గర పిన్ని లేదు. దండ రెండో కొస పటం వెనక, మేకు కొట్టిన చోట, గోడలోకి పోతోంది. పటం పక్కకు జరిపి తల దూరుస్తున్నాను. నా తల పట్టేంత చోటుంది.

లోపల పిన్ని పీట మీద కూర్చుని పూలు గుచ్చుతోంది.

"ఆపు పిన్నీ."

"నువ్వు లాగడం ఆపు, నాను గుచ్చడం ఆపుతాను. దండ నేకపోతే బోసిగోడని జనం ఎలిపోరేటే? నీకిదే మొదలు కదా."

నేను ఆపితే దండ ఆమె పటానికే ఉండిపోతుంది. ఆపకపోతే ఆమె చేతులకు విరామం లేదు. ఇలాంటప్పుడు ఏం చేయాలో నాకు ఎవరూ నేర్పలేదు. నేర్పాల్సిన మనిషి సూదికి దారం ఎక్కిస్తోంది.

బుట్టలో పూలు అయిపోయాయి. పిన్ని అటూ ఇటూ చూసి, ఎడమ చేతి చిటికెన వేలు తొడిమె తుంచినట్టు తుంచి దారానికి గుచ్చుతుంది. నెత్తురు లేదు. తర్వాత ఉంగరం వేలు. బయట మౌనం ముగిసినట్టుంది, చప్పట్లు మొదలయ్యాయి. ఆమె తల ఎత్తి విని, మురిసిపోయి, మూడో వేలు తుంచుతుంది. నేను ఏడుస్తూ లాగుతున్నాను. దారం మీద వేళ్లు ఒకదాని వెనక ఒకటి నా అరచేతుల్లోంచి జారిపోతూ, ఇంకా వెచ్చగా, ఒక్కొక్కటీ నా చేతిని గట్టిగా పట్టుకుని వదులుతున్నాయి.